ఎలక్ట్రిక్ కారులో స్టీరింగ్ లూజు: ఎక్కడుందో కనిపెట్టడం, సరిచేయడం

"స్టీరింగ్ లూజుగా ఉంది, ఏ భాగం మార్చాలి?" అని ఎలక్ట్రిక్ కారు నడిపేవారు తరచుగా అడుగుతున్నారు. మీ చేతిలోని స్టీరింగ్‌కూ రోడ్డును తాకే టైరుకూ మధ్య పది పన్నెండు కీళ్ళు, బిగింపులు ఉంటాయి కాబట్టి కారును చూడకుండా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం కుదరదు. మీ చేయి ఇచ్చిన కదలిక ఏ కీలు దగ్గర ఆగిపోతోందో కంటితో చూసి, వేలితో తాకి తెలుసుకున్న తర్వాతే భాగం కొనండి. ఈ వరుస తప్పి, అనుమానంతో టై రాడ్ ఎండ్‌లు (చక్రాన్ని తిప్పే కడ్డీల చివరి కీళ్ళు) మార్చి, ఆ తర్వాత రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగి ఆ కడ్డీలను కదిపే భాగం) కూడా మార్చి, చివరకు ఒక బోల్టు బిగించడంతో సమస్య తీరినవారు చాలామంది ఉన్నారు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. లూజు ఒక్కసారిగా వచ్చినా, గుంతలో గట్టిగా పడిన తర్వాత లేదా ప్రమాదం తర్వాత వచ్చినా, నేరుగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ మునుపటిలా తిన్నగా కాక వంకరగా నిలుస్తున్నా, ఆ కారును ఇక నడపకండి. వర్క్‌షాపుకు నాలుగు చక్రాలూ పైకెక్కే బల్ల లారీ మీదే తరలించండి. మోటారుకు అనుసంధానమైన చక్రాలు రోడ్డు మీద తిరుగుతుండగా లాక్కెళ్తే చాలా ఎలక్ట్రిక్ కార్లలో మోటారు, దాని నియంత్రణ పరికరాలు దెబ్బతింటాయి.

మీరు "లూజు" అంటున్నది ఏమిటి?

ఈ మాటతో మూడు వేర్వేరు సంగతులను చెబుతుంటారు. మీది ఏదో తేలితే సగం పని అయినట్టే.

మొదటిది తేలికదనం. స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతుంది, అయినా తిప్పిన వెంటనే చక్రం కదులుతుంది. ఇది లోపం కాదు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఎంత సాయం చేయాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. మెనూలో కంఫర్ట్, నార్మల్, స్పోర్ట్ వంటి ఎంపికలు ఉంటే మార్చి చూడండి. స్పోర్ట్‌లో బరువెక్కినంత మాత్రాన ఉన్న లూజు పోదు, లేని లూజు రాదు.

రెండవది దారి పట్టకపోవడం. స్టీరింగ్ తిన్నగానే ఉంటుంది, కారు మాత్రం అటూ ఇటూ జరుగుతూ మీ చేత చిన్న చిన్న సవరణలు చేయిస్తూ ఉంటుంది. దీనికి ఎక్కువగా టైర్ల గాలి, అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాలు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కారు అడుగుకు కలిపే చేయి కీళ్ళలోని రబ్బరు భాగాలు) కారణమవుతాయి.

మూడవది అసలైన లూజు. స్టీరింగ్‌ను కొంత దూరం తిప్పినా చక్రం కదలదు. మెకానిక్‌లు దీన్నే "ప్లే" లేదా "ఆట" అంటారు. ఇది ఎప్పుడూ ఏదో ఒక అరిగిన కీలు వల్లో వదులైన బిగింపు వల్లో వస్తుంది.

కావలసినవి

మీ కారు సర్వీస్ మాన్యువల్ లేదా అందులోని టార్క్ అంకెలు (ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో చెప్పేవి), టైరు గాలి గేజి, స్కేలు, కాగితపు టేపు, మంచి టార్చి, తెల్ల పెయింట్ మార్కర్, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు, కనీసం 3 టన్నుల ట్రాలీ జాకీ, తగిన సామర్థ్యం గల జాక్ స్టాండ్‌ల జత, టార్క్ రెంచ్ సిద్ధం చేసుకోండి. టై రాడ్ ఎండ్ మార్చే ఉద్దేశం ఉంటే బాల్ జాయింట్ పుల్లర్ కూడా అవసరం. వీటన్నిటికంటే ముఖ్యంగా, మీరు చెప్పినప్పుడే స్టీరింగ్ కదిపి, ఆపమన్నప్పుడు ఆపే ఒక మనిషి తోడుగా ఉండాలి.

ఎలక్ట్రిక్ కారు దగ్గర ప్రత్యేక జాగ్రత్తలు

బ్యాటరీ ప్యాకే 300 నుంచి 500 కిలోల బరువుండే కార్లు సాధారణం. ఆ ప్యాకు నేలంతా పరచుకొని ఉంటుంది కాబట్టి జాకీని మాన్యువల్ చూపిన చోట్ల మాత్రమే ఆనించాలి. ప్యాకు అడుగు రేకుపై జాకీ పెడితే బ్యాటరీకే నష్టం. నారింజ రంగు తొడుగు ఉన్న ఏ తీగనూ, దాని కనెక్టర్‌నూ ముట్టుకోకండి. స్టీరింగ్ పని కోసం వాటిని కదపవలసి వస్తే ఆ పని శిక్షణ పొందినవారిది. రెడీ స్థితిలో, అంటే పెడల్ నొక్కితే కదిలేలా, ఉన్న కారు చప్పుడు చేయదు, కాబట్టి అది నిద్రపోతోందని భ్రమపడే ప్రమాదం ఉంది. పార్కింగ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. చక్రాలు పైకి లేపి చేసే పరీక్షలప్పుడు కారును పూర్తిగా ఆపి, తాళం దూరంగా ఉంచండి. స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగు ఉంటుంది; దాన్ని ఇంట్లో విప్పకూడదు.

దశలవారీగా పరీక్ష

1. టైర్లతో మొదలుపెట్టండి. కారు కనీసం కొన్ని గంటలు ఆగి టైర్లు చల్లబడ్డాక గాలి చూసి, డోరు స్తంభంపై ఉన్న స్టిక్కరు ప్రకారం నింపండి. బరువు వల్ల ఎలక్ట్రిక్ కార్లకు చాలావరకు అదే పరిమాణంలోని పెట్రోలు కారు కంటే ఎక్కువ గాలి కావాలి. పాత కారు అలవాటుతో తక్కువ గాలి పెట్టినవారికి స్టీరింగ్ మెత్తగా, ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపిస్తుంది. కొత్త టైర్లు వేసిన మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనూ ఇదే భావన సహజం, ఎందుకంటే లోతైన కొత్త గాళ్ళ మధ్య రబ్బరు ముక్కలు వంగుతాయి. ఇదే సమయంలో వీల్ నట్‌లను టార్క్ రెంచ్‌తో చూడండి. ఈ మధ్యనే టైరు మార్పించి ఉంటే ఈ పరీక్షను ఏ కారణం చేతనూ వదిలేయకండి.

2. లేన్ కీప్ అసిస్ట్‌ను (కారు తన వరుస దాటకుండా స్టీరింగ్‌ను తనే సవరించే వ్యవస్థను) ఆపి ఒకసారి నడపండి. ఈ వ్యవస్థ పట్టుకోవడం, వదలడం వల్ల స్టీరింగ్ క్షణకాలం సడలినట్టు అనిపిస్తుంది. దాన్ని ఆపిన తర్వాత లూజు మాయమైతే మీ కీళ్ళకు ఏమీ కాలేదు.

3. ఆటను కొలవండి. చక్రాలు తిన్నగా ఉంచి, కారును రెడీ స్థితికి తెచ్చి, స్టీరింగ్ అంచు మీద టేపు ముక్క అంటించి గీత గీయండి. దాని ఎదురుగా స్కేలును కదలకుండా నిలపండి. తోడున్న మనిషి ముందు చక్రం పక్కన కూర్చుని టైరును చూస్తుండగా, మీరు రెండు వేళ్ళతో నెమ్మదిగా ఎడమకు తిప్పండి. టైరు కదలబోయే క్షణంలో ఆగి అంకె చూడండి. అదే విధంగా కుడికి తిప్పి, రెండు అంకెల మధ్య దూరం రాసుకోండి. అంచు వద్ద మొత్తం 30 మిల్లీమీటర్లకు మించరాదని చాలా మాన్యువళ్ళు చెబుతాయి. మీ కారుకు ఇంకా తక్కువ ఉండవచ్చు. బాగున్న కారులో ఈ అంకె దీనికి చాలా దిగువనే ఉంటుంది.

ఈ కొలతకు ఎందుకంత విలువో ఒక లెక్కతో చెబుతాను. స్టీరింగ్ పూర్తిగా ఒక చుట్టు తిరిగితే రాక్ సుమారు 50 మిల్లీమీటర్లు జరిగే కారు అనుకుందాం. ఆ కారు రాక్ బిగింపులో ఒకే ఒక్క మిల్లీమీటరు ఆట ఉన్నా, 38 సెంటీమీటర్ల వ్యాసం గల స్టీరింగ్ అంచు వద్ద అది దాదాపు 24 మిల్లీమీటర్లు అవుతుంది. అందువల్ల కింద వెతుకుతున్నప్పుడు మీకు పెద్ద ఊగిసలాట కనబడదు. ఒక చిన్న కుదుపు, గోరు మందమంత కదలిక కోసం చూడాలి.

4. పై నుంచి కిందికి వెతకండి. ఈ పరీక్షలో చక్రాలు నేలమీదే ఉండాలి, టైరు బరువును మోస్తున్నప్పుడే అరిగిన కీలు బయటపడుతుంది. తోడున్న మనిషి స్టీరింగ్‌ను గడియారంలో 11 నుంచి 1 వరకు మాత్రమే, వెంట వెంటనే అటూ ఇటూ ఆడించాలి. మీరు మొదట పెడల్స్ పైన, డాష్‌బోర్డు కింద ఉన్న షాఫ్టును చూడండి. అక్కడి యూనివర్సల్ జాయింటుకు (షాఫ్టు వంపు దగ్గర ఉండే కీలుకు) పైన ఒకటి, కింద ఒకటి తెల్ల గీతలు పెట్టండి. పై గీత కదిలి కింది గీత ఆలస్యంగా కదిలితే దోషం దొరికినట్టే. జాయింటు అరిగిందా, లేక దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే బిగింపు బోల్టు వదులైందా అన్నది బోల్టుపై రెంచ్ పెడితే తెలిసిపోతుంది.

ఈ చోటును చాలామంది చూడరు. నేను చూసిన ఒక కారుకు రెండు వైపులా టై రాడ్ ఎండ్‌లు కొత్తవి వేశారు, ఆట మాత్రం పోలేదు. షాఫ్టు జాయింటు మీద చూపుడు వేలు ఆనించి స్టీరింగ్ ఆడించమంటే, వేలి కింద గింజ పగిలినట్టు "టిక్" మని ఒక చిన్న దెబ్బ స్పష్టంగా తగిలింది. రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషికి ఆ చప్పుడు వినబడలేదు. బోల్టు అరచుట్టు తిరిగింది. వేలిని కీలు పైన ఆనించాలే తప్ప సందులో పెట్టకూడదు. పవర్ స్టీరింగ్ మోటారు బలానికి ఎముక నిలవదు.

షాఫ్టు రెండు కొనలూ ఒకేసారి కదులుతున్నాయా? అయితే కిందికి వెళ్ళండి. చక్రం వెనుక ఖాళీలోంచి టార్చి వేసి, రాక్ పెట్టె తన బిగింపుల్లో పక్కకు జరుగుతోందేమో చూడండి. తర్వాత రాక్ చివర ఉన్న ముడతల రబ్బరు తొడుగును బయటినుంచి వేళ్ళతో నొక్కి పట్టుకుంటే లోపలి టై రాడ్ కీలు తగులుతుంది. అక్కడ దెబ్బ తగిలితే ఆ కీలు అరిగింది. చివరగా బయటి టై రాడ్ ఎండ్: రాడ్ కదిలినప్పుడు దాని బాల్ పిన్ను కూడా అదే క్షణంలో కదలాలి. రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి వచ్చి ఉంటే, ఇప్పుడు ఆట లేకపోయినా ఆ కీలుకు ఎక్కువ కాలం లేదు.

కారు కిందికి దూరి చూడవలసి వస్తే, నాలుగు చక్రాలూ ఎక్కే లిఫ్ట్ ఉన్న చోటుకు తీసుకెళ్ళండి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి తల కూడా పెట్టకండి.

5. ఇప్పుడు కారు ఆపి, ముందు చక్రాలు లేపి, స్టాండ్‌ల మీద నిలపండి. టైరును గడియారంలో 9, 3 స్థానాల వద్ద పట్టుకుని లోపలికీ బయటికీ ఆడించండి. ఇక్కడ మాత్రమే ఆట ఉంటే టై రాడ్ కీళ్ళను అనుమానించండి. 12, 6 స్థానాల వద్ద పట్టుకుని ఆడించినప్పుడు ఆట ఉంటే వీల్ బేరింగో లోయర్ బాల్ జాయింటో (చక్రం కింది వైపును లోయర్ ఆర్మ్‌కు కలిపే కీలు) కారణం. ఈ రెంటినీ వేరు చేయడం సులభం. తోడున్న మనిషిని బ్రేకు నొక్కి పట్టుకోమనండి. బ్రేకుతో ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ లేదా దాని పైన ఉన్న కీళ్ళు. అన్ని స్థానాల్లోనూ ఒకేలా ఆడితే బేరింగే ముఖ్య అనుమానం. అప్పుడు చక్రం తిప్పి చూస్తే గరగరమనే శబ్దం తరచుగా వినబడుతుంది.

6. యాక్సిలరేటర్ పరీక్షను ఎలక్ట్రిక్ కారుకు తప్పనిసరిగా చేయండి. రద్దీ లేని తిన్నని రోడ్డు మీద, గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంలో, స్టీరింగ్‌ను తేలికగా పట్టుకుని పెడల్‌ను ఒకసారి నొక్కి, వెంటనే వదలండి. మోటారు టార్క్ ఒక్క ఉదుటున వస్తుంది, పెడల్ వదలగానే రీజనరేటివ్ బ్రేకింగ్ (రీజెన్, మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపే పద్ధతి) చక్రాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. లోయర్ ఆర్మ్ వెనుక బుష్ రబ్బరు తెగి ఉంటే, ఆ లాగుడుకు చక్రం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కారు నొక్కినప్పుడు ఒక పక్కకు, వదిలినప్పుడు మరో పక్కకు దూకుతుంది, "టక్" మనే చప్పుడు కూడా రావచ్చు. ఒకే పెడల్‌తో నడిపేవారి కారులో ఈ మార్పిడి ప్రయాణమంతా జరుగుతూనే ఉంటుంది. ముందు చక్రాలను మోటారు నడిపే కార్లలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. రీజెన్ స్థాయిని కనిష్ఠానికి తగ్గించి మళ్ళీ నడిపితే లక్షణం తగ్గిందంటే స్టీరింగ్ భాగాలను వదిలి బుష్‌లను చూడండి.

సరిచేయడం

ఇంట్లో చేయదగినవి, చేయకూడనివి అని పనులను ముందే విడదీయాలి. టైరు గాలి, వీల్ నట్‌లు, షాఫ్టు బిగింపు బోల్టు, బయటి టై రాడ్ ఎండ్ వరకు అనుభవం ఉన్నవారు చేసుకోవచ్చు. రాక్, స్టీరింగ్ కాలమ్ (డాష్‌బోర్డు కింద స్టీరింగ్‌ను మోసే భాగం), దానిపై ఉన్న మోటారు, టార్క్ సెన్సార్ (మీరు ఎంత బలంతో తిప్పుతున్నారో కొలిచేది) జోలికి వెళ్ళకండి. కాలమ్‌పై మోటారు ఉన్న కార్లలో మోటారుకూ గేరుకూ మధ్య ఉండే రబ్బరు కప్లింగ్ అరిగి, స్టీరింగ్ ఆడించినప్పుడు డాష్‌బోర్డు వెనుక కటకటమనవచ్చు. అది చౌక భాగమే అయినా, దాన్ని చేరడానికి కాలమ్ దింపాలి, ఆ తర్వాత సెన్సార్లను స్కాన్ టూల్‌తో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరంతో) సరిచూడాలి.

షాఫ్టు బోల్టు వదులుగా ఉంటే: స్టీరింగ్ తిన్నగా ఉంచి కదలకుండా కట్టేయండి. షాఫ్టు ఊడి స్టీరింగ్ ఇష్టం వచ్చినట్టు తిరిగితే ఎయిర్‌బ్యాగుకు కరెంటు ఇచ్చే చుట్టల రిబ్బను తెగుతుంది. బోల్టు తీయడానికి ముందు షాఫ్టుపై పెయింట్ గుర్తు పెట్టండి. కొన్ని కార్లలో ఈ బోల్టు ఒకసారి వాడకానికే; మాన్యువల్ అలా చెబితే కొత్తది వేసి, చెప్పిన టార్క్‌కు బిగించండి. షాఫ్టు గాళ్ళు అరిగి ఉంటే బోల్టు బిగింపు కొద్ది రోజులే నిలుస్తుంది, షాఫ్టునే మార్చాలి.

బయటి టై రాడ్ ఎండ్ మార్చాలంటే: కారు స్టాండ్‌ల మీద ఉండగా చక్రం తీసి, లాక్ నట్ ఉన్న చోట రాడ్ మరలపై తెల్ల గీత పెట్టండి. లాక్ నట్‌ను కొద్దిగా మాత్రమే వదులు చేయండి. బాల్ పిన్ను నట్టు విప్పి పుల్లర్‌తో విడదీయండి. సుత్తితో కొడితే పక్కనున్న భాగాలు, తొడుగులు పాడవుతాయి. పాత ఎండ్‌ను తిప్పి తీస్తూ చుట్లు లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. నట్టుకు చీలిక పిన్ను ఉండే రకమైతే, చెప్పిన టార్క్‌కు బిగించిన తర్వాత రంధ్రం కలవకపోతే నట్టును ఇంకా బిగించి కలపాలి, ఎప్పుడూ వదులు చేసి కలపకూడదు. పాత పిన్నును, పాత నైలాన్ నట్టును మళ్ళీ వాడకండి.

దీని తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. చుట్లు లెక్కపెట్టాం కదా అని ఊరుకోకండి. మర దూరం 1.5 మిల్లీమీటర్లు ఉన్న రాడ్‌లో అర చుట్టు తేడా వస్తే ఆ చక్రం కోణం సుమారు 0.3 డిగ్రీలు మారుతుంది. బరువైన కారు ఆ మాత్రం తేడాకే టైరు అంచును త్వరగా తినేస్తుంది. అలైన్‌మెంట్ చేసినవారితో స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ సున్నాను కూడా సరిచేయించండి. కొన్ని కార్లు తిన్నగా నడిపితే వాటంతట అవే నేర్చుకుంటాయి, కొన్నింటికి స్కాన్ టూల్ కావాలి.

లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించేటప్పుడు ఒక్క మాట గుర్తుచేయండి: రబ్బరు బుష్ ఉన్న బోల్టుల చివరి బిగింపు, కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి, కొత్త బుష్ కొద్ది నెలల్లో తెగుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ప్రమాదకరమైనది రాక్ మీద ఉండే సర్దుబాటు నట్టును బిగించి ఆట తగ్గించడం. అరిగిన టై రాడ్‌ను అది బాగుచేయదు. ఎక్కువ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, వేగంలో అది చాలా ప్రమాదం. ఈ నట్టు జోలికి వెళ్ళకండి, మీ ముందు ఎవరైనా బిగించబోతే ఆపండి.

12 వోల్టుల బ్యాటరీ బలహీనపడితే స్టీరింగ్ లూజవుతుందని కొందరు నమ్ముతారు. సాయం తగ్గి స్టీరింగ్ బరువెక్కుతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆట మాత్రం రాదు. అదే విధంగా, దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం కూడా పొరపాటే. అరిగిన బాల్ జాయింటును ఏ సెన్సారూ చూడలేదు. ఇంజిన్ చప్పుడు లేని కారులో ప్రతి చిన్న టకటకా వినబడుతుంది కాబట్టి, చప్పుడు వినగానే భాగం మార్చడం మరో అలవాటైంది. నాలుగు, అయిదు, ఆరు దశల్లో కదలిక కనబడితేనే మార్చండి.

సరైందో లేదో చూసుకోవడం

మూడవ దశలోని కొలతను అదే టేపు, అదే స్కేలుతో మళ్ళీ తీయండి. అంకె స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే మీరు మార్చిన భాగం అరిగి ఉండవచ్చు గానీ, అసలు ఆట మరో చోట ఉంది. నాలుగవ దశకు తిరిగి వెళ్ళండి.

తర్వాత కారు ఆగి ఉండగా స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివర వరకు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు, తొడుగులు మెలిపడకూడదు, బ్రేకు గొట్టాలు లాగుకుపోకూడదు. ఖాళీ స్థలంలో గంటకు 10 నుంచి 15 కిలోమీటర్ల వేగంలో మలుపు తిప్పి పట్టు సడలిస్తే, స్టీరింగ్ మధ్య వైపు తనంతట తాను రావాలి. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ గీత తిన్నగా నిలవాలి. ఆపివేసిన లేన్ కీప్ అసిస్ట్‌ను ఈ పరీక్షలన్నీ అయ్యాకే మళ్ళీ ఆన్ చేయండి, లేకపోతే అది తప్పును కప్పేస్తుంది.

50 నుంచి 100 కిలోమీటర్లు నడిపిన తర్వాత చక్రాలు చల్లబడ్డాక వీల్ నట్‌లను టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడండి, పెయింట్ గుర్తులు పక్కకు జరిగాయేమో టార్చి వేసి గమనించండి. కొత్త కొలతను తేదీ, కిలోమీటర్ల అంకెతో సర్వీస్ పుస్తకంలో రాసి పెట్టండి. ఇకపై టైర్లు అటూ ఇటూ మార్పించిన ప్రతిసారీ అదే కొలత తీసి, పాత అంకెతో పోల్చండి.